అలిపిరి దాకా నడిచేవాళ్ళ గురించి కూడా ఒక మాట

ఎడిటర్ గారికి నమస్కారాలు.

నేను చెన్నై విల్లివాక్కంలో ఉంటాను, వయసు 56, మీ పేపర్ మా ఇంటికి మా మామగారి కాలం నుంచీ వస్తోంది. తమిళవాళ్ళ పురటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు) వచ్చిందంటే ప్రతి ఏడూ మీరు ఒక ఫోటో వేస్తారు, పసుపు బట్టలు కట్టుకుని గోవిందా గోవిందా అంటూ తిరుపతి రోడ్డు మీద నడిచిపోయే జనం ఫోటో. చూస్తే కడుపు నిండిపోతుంది. కానీ వాళ్ళు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు, అందులో ఆడవాళ్ళు టాయిలెట్‌కి ఎక్కడికి పోయారు, ఆ సంగతి ఎవరూ రాయగా నేను చూడలేదు. అలిపిరి నుంచి పైకి ఎక్కడం గురించి మాత్రం అన్నీ దొరుకుతాయి, 3550 మెట్లు, 9 కిలోమీటర్లు, గాలిగోపురం ఎక్కడొస్తుంది, నీళ్ళు ఎక్కడ, షెడ్డు ఎక్కడ, లగేజీ ఎక్కడ ఇవ్వాలి, అన్నీ. మా ఇంటి నుంచి ఆ అలిపిరి దాకా సుమారు 130 కిలోమీటర్లు ఉందండి. నేను రాసేది ఆ 130 గురించి.

ఈ ధనుర్మాసంలో నేనూ మా వదినా మా ఇంటి దగ్గర్నుంచే నడుచుకుంటూ తిరుమల పోదామని నిర్ణయించుకున్నాం. చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, రైల్లో తిరుపతి పోయి అలిపిరి నుంచి ఎక్కితే కాలినడక మొక్కు తీరిపోదా అని. మా అబ్బాయి కూడా అదే, "అమ్మా, సప్తగిరి రైలెక్కి కూర్చుంటే మధ్యాహ్నం లోపే తిరుపతిలో ఉంటావు, వారం పైన రోడ్డు మీద ఎందుకమ్మా" అన్నాడు. అలిపిరి నుంచి ఎక్కేవాళ్ళ భక్తి తక్కువని నేను అనను, నేనూ చాలాసార్లు అలాగే ఎక్కాను. కానీ మా అమ్మ మొక్కుకున్నది అది కాదు. నాకు ఐదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచం మీద నుంచి లేవకపోతే అమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడి వేసి, బిడ్డ లేచి తిరిగితే ఈ గడప నుంచి నీ గడప దాకా నడిచొస్తా స్వామీ అనుకుందట. నేను లేచాను, తిరిగాను, నాకు పెళ్ళయి పిల్లలు పుట్టారు. అమ్మకి మాత్రం కుదర్లేదు, మేం నలుగురు పిల్లలం, నాన్న పనిచేసే మిల్లు మూతపడింది, అవన్నీ ఒక దారికొచ్చేసరికి అమ్మకి మోకాళ్ళు పోయాయి. ఆ ముడుపు రెండు ఇళ్ళు మారినా దేవుడి గూట్లోనే ఉంది, అమ్మ పోయాక నా చేతికి వచ్చింది. ఆ స్వామి వడ్డికాసులవాడు. అమ్మ గడప నుంచి గడప దాకా అని అన్నది, దాన్ని అలిపిరి నుంచి అని మార్చే హక్కు నాకు లేదు.

ఇంటి నుంచి నడవడం మన చెన్నపట్నం వాళ్ళకి కొత్త కూడా కాదు. బ్రహ్మోత్సవాల్లో స్వామికి పట్టే గొడుగులు జార్జ్‌టౌన్ చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి ఊరేగింపుగా బయలుదేరి అయనావరం, మా విల్లివాక్కం, అంబత్తూరు, ఆవడి వైపుగానే పోతాయి. చిన్నప్పుడు అయనావరంలో మా వీధి చివర నిలబడి ఆ తెల్ల గొడుగులు కనపడకుండా పోయేదాకా చూసేదాన్ని, అవి ఎక్కడికి పోతాయి నాయనమ్మా అంటే కొండకి పోతాయే, మనం కూడా పోదాం అనేది.

ఇంకా వెనక్కి పోతే ఏనుగుల వీరాస్వామయ్య గారు ఉన్నారు, అప్పటి మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒక భాష మాటలు ఇంకో భాషలో చెప్పే ఉద్యోగం, చేసినాయన, 1830 మే 18న ఈ ఊరి నుంచే కాశీకి బయలుదేరి తిరుపతి, కడప, హైదరాబాదు మీదుగా పోయి 15 నెలలు తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన పల్లకీలో బోయీలతో పరివారంతో పోయారు, మాది చెరొక సంచి, అది వేరే విషయం. కానీ ఆయన చేసిన ఒక పనికి దండం పెట్టాలి. మజిలీ మజిలీకీ అక్కడ సత్రం ఉందా, నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, ఏం దొరుకుతాయి అని రాసుకుంటూ పోయారు, వెనక వచ్చేవాళ్ళకి పనికొచ్చేలాగ. దాదాపు 200 ఏళ్ళ కింద ఇక్కడి నుంచి తిరుపతి పోయే మనిషికి రాత్రికి ఎక్కడ దిగాలో తెలిసేది. ఇవాళ ఫోన్‌లో మ్యాప్ ఉంది, అందులో బిర్యానీ కొట్లు ఉన్నాయి, టైర్ల షాపులు ఉన్నాయి, నడిచేవాళ్ళు తల వాల్చే చోటు మాత్రం లేదు.

ఏ నెలలో పోవాలన్న దగ్గరే మాకు రెండు నెలలు పట్టింది. పురటాసిలో పోతే తోడు ఉంటుంది, రోడ్డు పొడుగునా పందిళ్ళు వేసి మజ్జిగ, పులిహోర ఇస్తారు, రాత్రి పదిమందితో కలిసి పడుకోవచ్చు. కానీ ఎండ ఇంకా మండుతూనే ఉంటుంది, తిరుమలలో ఇసకేస్తే రాలనంత జనం. తర్వాత ఐప్పసి, కార్తీకం వానలు, డిసెంబరు మొదట్లో వరదల, తుఫాన్ల భయం, 2015లో చూశాం, 2023లో చూశాం. అన్నీ చూసుకుని మార్గళే, అంటే మన ధనుర్మాసమే, మంచిదనుకున్నాం, చల్లగా ఉంటుంది, తెల్లవారుజామునే గుళ్ళు తెరుస్తారు, కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై. అందులో కూడా వైకుంఠ ఏకాదశి అయి ఆ పది రోజుల రద్దీ తగ్గాక, సంక్రాంతికి ముందు. డిసెంబరు 31 తిరుత్తణిలో పడితే కష్టం, ఆ రోజు 365 మెట్లకీ మెట్టు మెట్టుకీ పాట పాడుతూ ఎక్కే ఉత్సవం, రూము దొరకదు. అమావాస్య ముందురోజు తిరువళ్ళూరులో పడినా అంతే, వీరరాఘవస్వామి దగ్గర జనం గుడి చుట్టూ పడుకుని ఉంటారు. ఇవన్నీ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో కొట్టేసుకుంటూ పోతే చివరికి మాకు తొమ్మిది రోజులు మిగిలాయి.

ప్రాక్టీసు మాత్రం లోకల్ ట్రైన్ పుణ్యాన చాలా సులువుగా జరిగింది, ఇది ఇంటి నుంచి నడవాలనుకునే మన వైపు వాళ్ళందరికీ చెప్పాలి. మొదటి ఆదివారం తెల్లారాక ఇంటి నుంచి బయలుదేరి పాడి, అంబత్తూరు మీదుగా ఆవడి దాకా నడిచి లోకల్ ఎక్కి ఇంటికొచ్చేశాం. ఇంకో వారం ఆవడి దాకా ట్రైన్‌లో పోయి అక్కడ దిగి తిరునిన్రవూరు, మా వైపు తిన్ననూరు అంటారు, అక్కడి దాకా. ఆ పై వారం తిన్ననూరు నుంచి తిరువళ్ళూరు. ఎక్కడ కాలు మొరాయిస్తే అక్కడ దగ్గర్లో ఒక స్టేషన్ ఉంటుంది, భయం లేదు. మూడో వారానికి నా కాలి బొబ్బలు తగ్గిపోయాయి, కొత్త బూట్లు పక్కన పెట్టేసి పాత శాండల్స్, లోపల కాటన్ సాక్సు, బయలుదేరే ముందు పాదాలకి వాజలీను, అదే సరిపోయింది. వదిన చీరలోనే నడుస్తానంటుంది, ఆమె ఇష్టం. రోడ్డుకి కుడి పక్కన, వచ్చే బండి మన కంటికి కనిపించేలాగ నడవాలి, చీకట్లో అసలు నడవకూడదు. రాత్రంతా నడిచి లారీ కిందపడ్డ భక్తుల వార్తలు మీ పేపర్లోనే చదివాను, ఆ దేవుడు అంత తొందరగా రమ్మని ఎవరినీ అడగలేదు. మార్గళిలో ఆరున్నరకి గానీ వెలుగు రాదు, అప్పుడే బయలుదేరడం, పదకొండున్నరకి ఆగడం, మళ్ళీ మూడున్నర నుంచి చీకటి పడేలోపు. రోజుకి 15 నుంచి 20 కిలోమీటర్లు. కుర్రాళ్ళు మూడు నాలుగు రోజుల్లో పోతారు, మేం ఎనిమిది రోజులు దారిలో ఉండి తొమ్మిదో రోజు కొండ ఎక్కుతాం.

మొదటి రాత్రి తిన్ననూరు. అక్కడ దిగడానికి తెలిసినవాళ్ళు ఉన్నారు, కానీ ఆ ఊరు నేను కోరి పెట్టుకున్నది పూసలార్ నాయనార్ కోసం. చేతిలో కాసు లేక శివుడికి గుడి మనసులోనే కట్టినాయన, పునాది తవ్వడం, రాయి మీద రాయి పేర్చడం, గోపురం లేపడం, ముహూర్తం పెట్టడం అన్నీ మనసులోనే, చివరికి కంచిలో రాజుగారి గుడి కుంభాభిషేకం కూడా అదే రోజు పడితే శివుడు రాజు కలలోకొచ్చి ఆ రోజు నేను తిన్ననూరు పోవాలి, నీది ఇంకో రోజు పెట్టుకో అన్నాడట. ఇన్ని నెలలుగా రాత్రి నిద్ర పట్టకపోతే నేను కూడా మనసులోనే ఇంటి గేటు తీసి పాడి బ్రిడ్జి నుంచి ఒక్కో ఊరూ దాటుకుంటూ పోతున్నాను, ఎప్పుడో తిరుత్తణి దగ్గర నిద్ర పడుతుంది. అందుకే ఆ గుడిలో ఒకసారి కూర్చుని లేవాలి.

అసలు చిక్కు తిరువళ్ళూరు దాటాక మొదలవుతుంది. అక్కడి నుంచి రైలు ఒక దారి, రోడ్డు ఒక దారి. రైలు అరక్కోణం వైపు తిరిగిపోతుంది, రోడ్డు తిరుపాచూరు, కనకమ్మసత్రం మీదుగా నేరుగా తిరుత్తణి పోతుంది, సుమారు 40 కిలోమీటర్లు. నడిచేవాళ్ళకి స్టేషన్ అనే దిక్కు ఉండదు, మధ్యలో కనీసం ఒక రాత్రి, మాలాంటివాళ్ళకి రెండు రాత్రులు పడుకోవాలి. పోయిన నెల నేనూ వదినా ఒక నోట్‌బుక్ పట్టుకుని బస్సులో పోయి ఊరు ఊరూ దిగి చూసొచ్చాం. ఒక చోట లాడ్జి అతను ఇద్దరు ఆడవాళ్ళకి రూము ఇవ్వం, మగవాళ్ళతో వస్తేనే ఇస్తాం అన్నాడు, ఆధార్ చూపించినా వినలేదు. ఒక పెట్రోల్ బంకులో టాయిలెట్‌కి తాళం, తాళంచెవి మేనేజర్ దగ్గర, మేనేజర్ భోజనానికి పోయాడు. బంకుల్లో మంచినీళ్ళు, టాయిలెట్ ఫ్రీగా ఉండాలని రూలుంది కదండీ, కారులో వచ్చినవాళ్ళకే అనుకుంటే ఎలా. మగవాళ్ళకి ఇది చిన్న విషయం, ఏదో ఒక చెట్టు చాటు. ఆడవాళ్ళు ఏం చేస్తారంటే నీళ్ళు తాగడం మానేస్తారు. మా నాయనమ్మ నడిచి పోయినప్పుడు అదే చేసిందట, తిరుపతి చేరేసరికి ఒళ్ళంతా జ్వరం. భక్తి ఎక్కువై కాదు, దారిలో చాటు లేక.

కనకమ్మసత్రం అన్న పేరు చూసి నాకు చాలా ఆశ కలిగింది. ఊరి పేరులోనే సత్రం ఉంది కదా, ఎవరో ఒక తల్లి దారిన పోయేవాళ్ళు పడుకుంటారని పెట్టి ఉంటుంది. బస్సు దిగి అడిగితే రాత్రికి దిగే చోటు మాకు దొరకలేదు, పెళ్ళి మండపాలు మాత్రం ఆ రోడ్డు పొడుగునా చూశాం. ఒక మండపం ఓనరుకి ఫోన్ చేస్తే, పడుకోవడానికైనా ఒక రోజు పూర్తి అద్దె ఇవ్వాలి అన్నాడు, వేలల్లో ఉంది. నాకు అప్పుడే ఒకటి తట్టింది. మార్గళిలో తమిళవాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు, మనకీ అది శూన్యమాసం. ఆడి నెలలోనూ (జూలై, ఆగస్టు) అంతే, సరిగ్గా తిరుత్తణికి కావళ్ళు పోయే నెల. అంటే జనం నడిచే నెలల్లోనే ఆ మండపాలన్నీ తాళం వేసి ఖాళీగా ఉంటాయి, లోపల బాత్రూములు, పంపులు, లైట్లు, వాచ్‌మన్ అన్నీ ఉండి కూడా. ఆ నెలల్లో వరండా ఒకటి, ఆడవాళ్ళ బాత్రూము ఒకటి తెరిచి పెట్టి మనిషికి 50 రూపాయలో 100 రూపాయలో తీసుకోమనండి, మేం సంతోషంగా ఇస్తాం. ఊరికే అడగడం లేదు. వాచ్‌మన్‌కి ఆ నెల జీతం అందులోనే వచ్చేస్తుంది.

ఆ రోజు బాగా అలిసిపోయి ఒక టిఫిన్ కొట్టు దగ్గర కూర్చుని నేనూ వదినా తెలుగులో మాట్లాడుకుంటుంటే ఆ కొట్టామె మా మాట విని నవ్వింది. ఆ పక్క తెలుగు ఇళ్ళు ఇంకా ఉన్నాయి, తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే కదా. సంగతి చెప్తే ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, "మా ఇంటి వరండాలో పడుకోండక్కా, బాత్రూము ఉంది, వచ్చే ముందురోజు ఒక ఫోన్ కొట్టండి చాలు" అంది. డబ్బు మాట ఎత్తితే కోప్పడింది. ఒక రాత్రి సమస్య అలా తీరింది. నాకు ఆనందంగానూ ఉంది, ఒక రకంగా బాధగానూ ఉంది, మేం ఆ కొట్టు దగ్గర కూర్చోకపోతే, తమిళమో తెలుగో రాని మనిషి అయితే, ఏంటి గతి?

తిరుత్తణి తర్వాత పొన్‌పాడి దాటితే ఆంధ్రా, రైలు కూడా మళ్ళీ పక్కనే వచ్చేస్తుంది, నగరిలో, పుత్తూరులో దిగడానికి ఇబ్బంది లేదు. వదినకి ఎప్పుడో కాలు విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుంది, ఆ కాలితోనే ఆ ఊరి మీదుగా నడిచి పోతున్నానని ఆమెకి భలే సంబరం. మేం రోడ్డు వదిలి పక్కకి తిరిగేది మొదట నారాయణవనానికి. ఆకాశరాజు కూతురు పద్మావతికీ శ్రీనివాసుడికీ పెళ్ళి జరిగిన ఊరు. పెళ్ళయ్యాక కొండకి బయలుదేరితే కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కకూడదని అగస్త్యుల వారు ఆపారట, శ్రీనివాసమంగాపురంలో ఉండి ఆ తర్వాత శ్రీవారి మెట్టు మీదుగా నడిచి ఎక్కారని చెప్తారు. ఈ కథ ఎన్నోసార్లు విన్నాను గానీ దారి ప్లాన్ రాసుకుంటున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పెళ్ళి ఊరి నుంచి కొండ దాకా మేం నడిచేది ఆ తల్లి అత్తారింటికి పోయిన వైపుకే. అందుకే అక్కడి నుంచి వడమాలపేట, అప్పలాయగుంట, తిరుచానూరు అని పెట్టుకున్నాం, కాస్త చుట్టైనా సరే. అప్పలాయగుంటలో స్వామి చెయ్యి కిందికి కాదు, అభయం ఇస్తూ పైకి ఉంటుంది.

దర్శనం టికెట్ సంగతి కూడా చెప్పాలి. 300 రూపాయల టికెట్ నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, తేదీ, టైము అందులోనే ఉంటాయి, నడిచేవాడికి మాత్రం వాన పడినా కాలు వాచినా ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. మేం తిరుచానూరులో ఒక రోజు ఖాళీగా పెట్టుకున్నాం, అన్నీ బాగుంటే ఆ రోజు అమ్మవారి దగ్గరే ఉంటాం. నడిచి ఎక్కేవాళ్ళకి ఇచ్చే టోకెన్ల పద్ధతి మారుతూ ఉంటుంది, బయలుదేరే వారం టీ నగర్‌లో టీటీడీ వాళ్ళ దగ్గర కనుక్కుని పోవడం మంచిది. కొండ కూడా పొద్దున్నే గుంపుతో ఎక్కాలి, 2023 ఆగస్టులో ఆ మెట్ల దారిలో చిరుత ఒక చిన్నపాపని లాక్కుపోయిన సంగతి ఎవరం మర్చిపోలేదు.

ఎడిటర్ గారూ, నేను అడిగేవి మూడే. మీ చెన్నై ఎడిషన్‌లో ఒక్క రోజు ఒక పేజీ ఇవ్వండి, పాడి నుంచి అలిపిరి దాకా ఊరి పేరు, పడుకునే చోటు, ఆడవాళ్ళకి టాయిలెట్, మంచినీళ్ళు, ఇంతే, వీరాస్వామయ్య గారు రాసినట్టు. మీ విలేఖర్లు ఆ ఊళ్ళన్నిటిలో ఉన్నారు, ఒక్కొక్కరు తమ ఊరి గురించి నాలుగు లైన్లు రాసినా పేజీ నిండిపోతుంది. రెండోది, ఆ రోడ్డు మీద మండపాలున్న ఓనర్లలో మీ పాఠకులు తప్పకుండా ఉంటారు, వాళ్ళకి ఈ ఆడి, మార్గళి నెలల మాట చేరవెయ్యండి. మూడోది, టీ నగర్ వెంకటనారాయణ రోడ్డు గుడి దగ్గర టీటీడీ వాళ్ళు ఒక రిజిస్టరు పెట్టి, ఇంటి నుంచి నడిచి పోయేవాళ్ళ పేరూ, బయలుదేరే తేదీ, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరూ రాసుకుంటే ఒకే తేదీల్లో పోయేవాళ్ళు ఒకరికొకరు తోడవుతారు. ఖర్చు ఒక నోట్‌బుక్ అంతే.

మేం మాత్రం పోవడం ఖాయం. ముడుపు నా సంచిలో పైన అరలో ఉంటుంది. తిరుత్తణిలో, నగరిలో, పుత్తూరులో, తిరుచానూరులో చోటు కుదిరింది, కొట్టామె ఇల్లు కనకమ్మసత్రం దాటాక, తిరుత్తణి వైపు ఉంది. తిరుపాచూరుకీ కనకమ్మసత్రానికీ మధ్య ఒక్క రాత్రి ఇంకా ఖాళీగానే ఉంది. ఆ పక్క ఉండే పాఠకులు ఎవరైనా ఈ ఉత్తరం చూస్తే దయచేసి మీ ఆఫీసుకి ఒక కబురు పంపమనండి. ఇద్దరు ఆడవాళ్ళం, ఒక చాప చాలు, తెల్లారగానే లేచి వెళ్ళిపోతాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై